ఉడత ఇచ్చిన కిడ్నీ

ఆమెకి పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఇంట్లో ఎవరి నోటా రాదు. చిన్నప్పుడు అలమారా మీంచి తలుపు మీదికి, తలుపు మీంచి కిటికీ ఊచల మీదికి పాకుతుంటే వాళ్ళ నాన్న ఉడత అన్నాడు. అదే ఖాయమైపోయింది. పెద్దయ్యాక టవర్ క్రేన్ నడిపే పనిలో చేరతానంటే అమ్మ కాస్త గొణిగింది తప్ప ఎవరూ ఆశ్చర్యపోలేదు. "అది నేల మీద కుదురుగా నిలబడితే కదా మనం ఆశ్చర్యపోవాల్సింది," అన్నాడు అన్నయ్య.

అన్నయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. నాన్న పెట్టిందే. ముందు గదిలో గోడ నిండా ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను. జోడు పెట్టుకుని అద్దంలో చూసుకునే ప్రతివాళ్ళతోనూ ఏదో ఒకటి అనకపోతే అతనికి తోచదు. ఒకసారి ఒక పెద్దాయన కొత్త జోడు పెట్టుకుని, పక్కనున్న భార్యని చూసి గట్టిగా నిట్టూర్చాడు. "పాతదే ఇచ్చేయమంటారా బాబాయిగారూ?" అన్నాడు అన్నయ్య. ఆవిడే ముందు నవ్వింది.

నాన్న కిడ్నీల జబ్బుతో పోయాడు. ఆ జబ్బులో రెండు కిడ్నీల నిండా నీటిబుడగలు పుడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఉబ్బి, మంచి కండని నొక్కేసి, చివరికి కిడ్నీ అనేదే మిగలకుండా చేస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికెంత అవకాశమో రాకపోవడానికీ అంతే. అన్నయ్యకి వచ్చింది. తలనొప్పి అనుకుంటూ మాత్రలు మింగాడు, బీపీని ఏళ్ళ తరబడి గాలికొదిలేశాడు. ఆసుపత్రికి వెళ్ళేసరికి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, దుకాణం సగం రోజులు మూసి డయాలసిస్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

అమ్మకి షుగరు, కిడ్నీ ఇవ్వడానికి పనికిరాదు. వదిన రక్తం గ్రూపు కలవలేదు. మిగిలింది ఉడత. అప్పటికి ఆమెకి ఇరవై మూడో ఏడు. క్రేన్ లైసెన్సు చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆమెని ఎవరూ అడగలేదు. వదిన మాత్రం ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతూ, కొళాయి కట్టేయకుండానే, "ఉడతా, నీకు అసలు టెస్టులు చేయించారా ఎప్పుడైనా?" అంది. అడగాల్సింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

"రేపే వెళ్తా వదినా," అంది ఉడత.

కిడ్నీ డాక్టరు తొందరపడే మనిషి కాదు. స్కానింగులో ఆమె కిడ్నీలు శుభ్రంగానే ఉన్నాయి. ఇంకా పెద్ద స్కానింగు తీస్తే రెండు చిన్న బుడగలు కనిపించాయి. "ఇలాంటివి ఎవరికైనా ఉండొచ్చు. కానీ మీ ఇంటి చరిత్ర చూస్తే నాకు భయం. జన్యు పరీక్షలో లేదని తేలితేనే ముందుకి వెళ్దాం," అన్నాడు. ముందు అన్నయ్య రక్తం తీసి, అతని జన్యువులో ఎక్కడ తేడా ఉందో వెతికారు. దొరికిందన్నారు. తర్వాత ఆమె రక్తంలో అదే తేడా కోసం చూశారు. ఆమెలో అది లేదు.

ఆ మాట వినగానే అమ్మ ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చేసింది. కూతురికి జబ్బు లేదని ఏడుస్తోందో, కొడుకు బతుకుతాడని ఏడుస్తోందో ఆవిడకే తెలీదు. అన్నయ్య మాత్రం వద్దన్నాడు. చెల్లెలి పొట్ట కోయించి నేను బతకనన్నాడు. ఉడత అతని మంచం చివర కూర్చుని, "నా దగ్గర రెండున్నాయి. ఒకటి స్పేరు. స్పేరు పార్టు కూడా ఇవ్వనివ్వకపోతే ఇంక నేను దేనికి పనికొస్తాను?" అంది. అతను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అదే ఒప్పుకోవడం.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆమె కిడ్నీ అతని పొత్తికడుపులో, కుడివైపున, అతను ఇంకా ఆపరేషన్ బల్ల మీద ఉండగానే మూత్రం తయారుచేయడం మొదలుపెట్టిందని సర్జనుగారే వచ్చి చెప్పాడు. "మీ చెల్లెల్లాగే చురుకైంది," అన్నాడు. ఆ మాట అన్నయ్య దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. బుగ్గల్లో రంగొచ్చింది. ఉప్పు లేని తిండి తింటూ కూడా లావెక్కాడు. వదిన మళ్ళీ బడికి వెళ్ళి పిల్లలకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది.

ఉడతకి డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు: నీళ్ళు బాగా తాగాలి. క్రేన్ నడిపేవాళ్ళకి అది అంత తేలిక కాదు. ఒకసారి నిచ్చెనలెక్కి క్యాబిన్‌లో కూర్చుంటే భోజనాల వేళ వరకు దిగడం ఉండదు. అక్కడ మరుగుదొడ్డి ఉండదు. అందుకని పైకెక్కేవాళ్ళందరూ పొద్దున్నుంచీ గొంతు తడుపుకోవడమే తప్ప తాగరు. ఉడత మాత్రం పెద్ద సీసాతో ఎక్కేది, మధ్యలో ఒకసారి దిగేది. కింద నిలబడి బరువులకి సైగలిచ్చే మనిషి ఒకడున్నాడు. వాకీటాకీలో నోరు మూయడు కనక అందరూ అతన్ని రేడియో అంటారు.

"ఆకాశం నుంచి అమ్మగారు దిగుతున్నారు. ఇనుప చువ్వలు గాల్లోనే ఉండి ఎదురుచూడాలట," అనేవాడు.

"చువ్వలు కింద పెట్టే దిగుతున్నా. నువ్వు నీ పాదాలు చూసుకో."

"నా పాదాల మీద అంత శ్రద్ధ ఎందుకో మరి!"

ఇలా ఒకటి రెండేళ్ళు వాదించుకున్నాక పెళ్ళి చేసుకున్నారు. రేడియో మంచివాడు. ఇంట్లో మాత్రం పెద్దగా మాట్లాడడు. ఆ సంగతి ఆమెకి పెళ్ళయ్యాకే తెలిసింది. పిల్లల గురించి తొందరపడలేదు. ఇల్లు కొంచెం పెద్దది దొరికాక చూద్దాం అనుకున్నారు. దొరికింది కూడా.

ఆ ఏడే అన్నయ్యకి మామూలుగా తీసే స్కానింగులో, ఉడత ఇచ్చిన కిడ్నీలో బుడగలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు.

కిడ్నీ డాక్టరు ఉడతకి తనే ఫోన్ చేశాడు. అప్పుడామె క్రేన్ మీద ఉంది. ఫోన్ తీయలేదు. భోజనానికి దిగాక చూసుకుని తిరిగి చేసింది. "ఒకసారి వచ్చి కనిపించగలరా? మీ అన్నగారి గురించి కాదు, మీ గురించి," అన్నాడాయన. ఆ చివరి మాట మరీ నెమ్మదిగా అన్నాడు. ఆమె తెరిచిన భోజనం డబ్బాకి మళ్ళీ మూత పెట్టేసింది.

స్కానింగు గదిలో తెర ఆమె వైపు లేదు. పరీక్ష చేస్తున్న అమ్మాయి మొదట్లో కబుర్లు చెప్పింది. మధ్యలో మానేసింది.

ఆమెలో మిగిలిన ఒకే ఒక్క కిడ్నీ ఉండాల్సినదానికంటే బాగా పెద్దదై, బుడగలతో నిండి ఉంది.

మళ్ళీ పరీక్షలు చేశారు. ఈసారి రక్తం వేరే చోటికి, పొడుగాటి డీఎన్ఏ ముక్కల్ని ఏకబిగిన చదివే యంత్రం ఉన్న చోటికి పంపారు. జవాబు వచ్చాక అన్నయ్యనీ, వదిననీ, ఉడతనీ, రేడియోనీ కూర్చోబెట్టి చెప్పింది జన్యువుల డాక్టరమ్మ. పాత పరీక్ష చేసింది ఆవిడ కాదు. అయినా ఆవిడ ముఖంలో ఇబ్బంది తెలుస్తూనే ఉంది.

"మీ ఇంట్లో పాడైన జన్యువు ఒకటే," అంది. "కానీ దానికి అచ్చు గుద్దినట్టుండే నకళ్ళు ఆరు ఉన్నాయి. మీలోనే కాదు, నాలో, అందరిలో, ఆ జన్యువున్న క్రోమోజోమ్ మీదే. ఎన్నో లక్షల ఏళ్ళ కిందట అవి పుట్టాయి. వాటితో కిడ్నీకి ఏ పనీ జరగదు. ఊరికే పడి ఉంటాయి. కణంలో డీఎన్ఏ తెగడం మామూలే. తెగినప్పుడు కణం, అలాంటి వరసే ఉన్న ఇంకో చోటు చూసి రాసుకుని అతుకు వేసుకుంటుంది. ఎక్కువసార్లు సరైన చోటే చూస్తుంది. ఎప్పుడో ఒకసారి పక్కనున్న చచ్చు నకలు చూసి రాసుకుంటుంది. అప్పుడు ఆ నకలులో ఉన్న తప్పు, పనిచేసే జన్యువులోకి వచ్చి కూర్చుంటుంది. దీన్ని జీన్ కన్వర్షన్ అంటాం. మీ నాన్నగారు పుట్టకముందే, మీ తాతగారి బీజంలోనో నాయనమ్మగారి అండంలోనో అది జరిగి ఉండాలి. అంతకుముందు మీ వంశంలో ఈ జబ్బు లేదు కదా?"

లేదు. తాతయ్య, నాయనమ్మ ఇద్దరూ పళ్ళూడేదాకా బతికారు.

"మరి అప్పుడు పరీక్షలో ఎందుకు తెలీలేదు?" అన్నాడు రేడియో.

"అప్పటి యంత్రం డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలు చేసి చదివింది. ఈ పాడైన ముక్క నకలులో ఉన్నట్టే ఉంటుంది కదా. ఇది నకలు నుంచి వచ్చిందే అనుకుని పక్కన పడేశారు. మీ బావగారిలో ఇంకో చిన్న మార్పు కనిపిస్తే అదే కారణం అనుకున్నారు. అది అసలు జబ్బు తెచ్చే మార్పే కాదు. వాళ్ళమ్మగారి వైపు నుంచి వచ్చింది, ఏ హానీ లేనిది. ఈవిడలో వెతికింది దాన్ని, అది ఈవిడకి రాలేదు."

అన్నయ్య ఆవిడ మాటలు వింటున్నాడో లేదో తెలీదు. కుడి అరచెయ్యి చొక్కా మీంచి పొత్తికడుపు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అసలు ఒళ్ళు ఇంత బుద్ధిలేని పని ఎందుకు చేస్తుందండీ?" అంది వదిన.

డాక్టరమ్మ కొంచెం ఆలోచించి చెప్పింది. "బుద్ధిలేని పని అనలేనమ్మా. అతుకు వేసుకునే ఈ అలవాటు లేకపోతే ఏ జీవీ ఇంత దూరం వచ్చేది కాదు. జన్యువులు ఒకదాన్ని చూసి ఒకటి దిద్దుకుంటూ వచ్చాయి. మగవాళ్ళలో వై క్రోమోజోమ్‌కి జత ఉండదు. అది తనలోనే ఉన్న నకళ్ళు చూసి చాలా తప్పులు సరిచేసుకుంటుంది. రోగాలతో పోరాడే జన్యువులు మనిషికో రకంగా ఉండటంలోనూ దీని చెయ్యి ఉంది. కోట్ల ఏళ్ళ లెక్కలో చూస్తే మేలే చేసింది. కానీ ఆ లెక్క ఏ ఒక్క ఇంటి గురించీ పట్టించుకోదు."

"అంటే తప్పు ఎవరిదీ కాదంటారు," అంది ఉడత.

"జబ్బు పుట్టడంలో ఎవరిదీ కాదు. దాన్ని సరిగ్గా చదవకపోవడం మాత్రం మా వాళ్ళదే. క్షమించమని అడగడం కూడా నాకు సిగ్గుగా ఉంది."

ఉడత తలూపింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఆ గదిలో ఏసీ చప్పుడు మరీ ఎక్కువగా ఉందనిపించింది, అంతే.

బయటికొచ్చాక, కిడ్నీ డాక్టరు గదిలోకి అన్నయ్య ఒక్కడే వెళ్ళాడు. తలుపు సరిగా పడలేదు. వరండాలో ఉన్న ముగ్గురికీ అతని మాట వినిపించింది.

"నాలో ఉన్నదాన్ని తీసి దానికే పెట్టేయండి డాక్టరుగారూ. నాకు డయాలసిస్ అలవాటే."

"అలా కుదరదండీ."

"ఎందుకు కుదరదు? అది దాని ఒంట్లోదే కదా! పరాయిది కాదు కదా!"

"ఆ కిడ్నీ కూడా పాడవుతోంది. పెట్టినా ఆవిడకి మిగిలేదేం ఉండదు. ఊరికే ఇద్దరికీ రెండు ఆపరేషన్లు."

తర్వాత అన్నయ్య, పిల్లవాడు బతిమాలినట్టు, "పోనీ సగం పనిచేసినా…" అన్నాడు. వదిన లేచి వెళ్ళి తలుపు దగ్గరికేసి వచ్చింది.

ఇంటికెళ్ళాక అమ్మకి చెప్పాల్సి వచ్చింది. ఎవరు చెప్పాలో తేలక చివరికి ఉడతే చెప్పింది. ఆవిడ అంతా విని, "మీ నాన్న మహా మొండివాడే. ఇద్దర్నీ వదల్లేదు," అంది. వెళ్ళి స్టవ్ మీద అన్నం కుక్కర్ పెట్టి, దాని ముందే నిలబడిపోయింది. అన్నం మాడింది.

ఆ తర్వాత జరిగిందంతా మెల్లగా జరిగింది. మెల్లగా జరిగేదాన్ని ఆపొచ్చని అనిపిస్తుంది గానీ, ఆగలేదు. ఉడతకి బీపీ పెరిగింది. ఏటా ఒంటి పరీక్ష చేసే డాక్టరు ఆమెని క్రేన్ ఎక్కడానికి పనికిరాదని తేల్చాడు. పొట్టలో ఉన్నది దెబ్బ తగిలితే చిట్లిపోయేలా ఉంది, నిచ్చెన మీద కాలు జారితే చాలు. ఆఖరి రోజు ఆమె పైకెక్కలేదు. ఎక్కనివ్వలేదు. కొత్తగా వచ్చినవాడు క్యాబిన్‌లోంచి కాంక్రీటు తొట్టి దింపుతుంటే కింద నుంచి చూసింది. తొట్టి కొంచెం ఊగుతోంది. "హుక్కుని తొట్టి ఊగే వైపే పోనివ్వు, ఊపు తగ్గుతుంది," అని గొణుక్కుంది. రేడియో ఆ మాట వాకీటాకీలో పైకి చెప్పలేదు.

పిల్లల సంగతి ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుకున్నారు. అసలు మార్పు ఏదో తెలిసింది కనక, బిడ్డకి జబ్బు రాకుండా ముందే చూసుకునే దారులున్నాయని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఆ ఒక్క కిడ్నీతో బిడ్డని మోయడం ప్రమాదమని కిడ్నీ డాక్టరన్నాడు. "నువ్వుంటే చాలు," అన్నాడు రేడియో. "నేనైనా ఎన్నాళ్ళుంటానో," అంది ఆమె. ఆ పెద్ద ఇంట్లో రెండో గదిలో బట్టలు ఆరేసుకోవడం మొదలుపెట్టారు.

అన్నయ్య జోకులు మానేశాడు. చెల్లెలు దుకాణానికొస్తే వెనక గదిలోకి వెళ్ళిపోయి మిషను ఆన్ చేసేవాడు. అద్దం లేకుండా ఊరికే తిరిగే మిషను చప్పుడు వేరేగా ఉంటుంది. ఆమెకి తెలిసేది. ఒకరోజు వెనకాలే వెళ్ళి స్విచ్ కట్టేసింది.

"నన్ను చూడలేకపోతే ఈ గోడ నిండా కళ్ళజోళ్ళు దేనికి?" అంది.

అతను నవ్వబోయి, నవ్వలేక, "నీది పట్టుకుని ఇన్నేళ్ళు బతికానే. అది నీకే అక్కరకొచ్చేది. మూడొంతులు చెడినా నీ రెండూ నీ దగ్గరుంటే ఇంకో పదేళ్ళు లాగేదానివి," అన్నాడు.

అది నిజమే. అబద్ధం చెప్పాలని నోరు తెరిచింది గానీ ఏ అబద్ధమూ తోచలేదు. చివరికి, "ఆ ఏళ్ళలో నువ్వు ఉన్నావు కదా," అంది. అది అతనికి ఓదార్పు కాలేదు. తల దించుకుని మిషను మీది అద్దాల పొడిని వేలితో తుడుస్తూ నిలబడ్డాడు.

మరుసటి ఏడాదికి ఆ కిడ్నీ ఆగిపోయింది. అతను మళ్ళీ డయాలసిస్ కుర్చీలోకి వెళ్ళాడు. ఈసారి ఒళ్ళు తట్టుకోలేదు. గుండె అలిసిపోయింది. ఒక మధ్యాహ్నం కుర్చీలోనే, టీవీలో వాతావరణ వార్తలు వస్తుండగా, తల పక్కకి వాల్చేశాడు. నిద్రపోయాడనుకుని నర్సు దుప్పటి పైకి లాగి వెళ్ళింది. తిరిగొచ్చి చూసేసరికి అయిపోయింది. ఉడత కిడ్నీ అతనితోపాటే పోయింది.

వదిన ఉడత ముఖం చూడటానికి చాలా కాలం పట్టింది. చూసిన రోజు తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చొచ్చి, అప్పుడు ఇంటికొచ్చింది. "నా కిడ్నీ నీకిస్తానని చెప్పొచ్చాను. టెస్టు చేస్తున్నారు," అంది. ఉడతది ఓ గ్రూపు. ఎవరికైనా ఇవ్వొచ్చు, ఓ వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. వదినది బి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసే వెళ్ళింది. రిపోర్టు వచ్చాక దాన్ని మడతపెట్టి పర్సులో పెట్టుకుని, చాలాసేపు ఉడత భుజం మీద తలపెట్టి కూర్చుంది. రేడియోది కూడా కలవలేదు. పోయినవాళ్ళ కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరస చాలా పొడుగుంది.

దుకాణం మూయలేదు. వదిన బడి మానేసి ముందు గదిలో కూర్చుంది. ఉడత వెనక గదిలో అద్దాలు అరగదీయడం నేర్చుకుంది. చేతులు స్థిరంగా ఉండేవి కనక తొందరగానే వచ్చింది. మధ్యాహ్నానికి అలిసిపోయి, మిషను పక్కనే స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించుకునేది. నోరు ఎప్పుడూ ఇనుములా ఉండేది. తిండి సహించేది కాదు. ఎవరైనా జోడు బాగుందని మెచ్చుకుంటే ముందు గదిలోంచి వదిన, "మా ఆడపడుచు పనండీ," అని చెప్పేది.

చలికాలం చివర్లో డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్ పెట్టారు. అది ముందే చేసి ఉంచాలి, నాళం గట్టిపడటానికి కొన్ని వారాలు కావాలి. రేడియో పనికి సెలవు దొరక్క వదినతో వెళ్ళింది. చిన్న గది. నర్సు కుర్రపిల్ల, కొత్తగా చేరినట్టుంది. ఉడత రెండు చేతులూ బల్ల మీద చాపించి, మోచేతి దగ్గర నరాలు తడిమి చూసింది.

"రెండూ బాగున్నాయండీ. ఏ చెయ్యి తక్కువ వాడతారు మీరు? ఆ చేతికే చేస్తాం."

ఉడత తన చేతులకేసి చూసుకుంది. లోపలివైపు చర్మం పసుపు పచ్చగా పాలిపోయింది.

"రెండూ వాడేదాన్ని," అంది. "క్రేన్‌లో ఒకటి బరువెత్తడానికి, ఒకటి తిప్పడానికి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఏదైనా ఒకటే అమ్మా."

నర్సు వదిన వైపు చూసింది. వదిన ఉడత ఎడమ చెయ్యి చూపించింది. నర్సు పెన్ను తీసి ఎడమ చేతి మణికట్టు మీద నల్లగా చిన్న గీత పెట్టి, "చలిగా ఉంటుంది లోపల, స్వెట్టర్ విప్పేటప్పుడు మెల్లగా," అంటూ ఆమెకి సాయం పట్టింది.